వజీర్‌కి పోని క్లాసు



మన పిల్లలు ఇప్పుడు ఇంజినీరింగ్ ఒక్కటే చదవడం లేదు. అమెరికాలోనో లండన్‌లోనో పబ్లిక్ పాలసీ అనీ, ఇంటర్నేషనల్ రిలేషన్స్ అనీ ఎం.ఏ.లు చేస్తున్నారు. మంచిదే. కౌమ్‌కి డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉంటే సరిపోదు, ముల్కుల మధ్య నడిచే సియాసత్ తెలిసినవాళ్లు కూడా కావాలి. ఆ చదువుల్లో భాగంగా ఎండాకాలం సెలవుల్లో ఒక కోర్సు వస్తుంది. పేరు అటూఇటూ మారినా సంగతి ఒకటే: ‘ఆఫ్రికాలో డెవలప్‌మెంట్, సెక్యూరిటీ’. మూడు నాలుగు వారాలు ఏదో ఒక ఆఫ్రికా రాజధానిలో ఉండాలి. పొద్దున లెక్చర్లు. మధ్యాహ్నం ఒకరోజు ఎంబసీ, ఒకరోజు యూఎన్ ఆఫీసు, ఒకరోజు ఏదో ఎన్జీవో. ఆదివారం సఫారీ. చివర్లో ఒక పాలసీ పేపర్ రాసిస్తే క్రెడిట్లు వచ్చేస్తాయి. ఖర్చు వేల డాలర్లు.

ఈ కోర్సు మీద నాకు గట్టి ఏతరాజ్ ఉంది. ఇల్మ్ కోసం సఫర్ చేయడాన్ని ఎవరు కాదంటారు? నా పేచీ అంతా ఆ రెండు మాటల్నీ కలిపి కుట్టిన తీరు మీద.

డెవలప్‌మెంట్‌ని మనం తరక్కీ అంటాం. సెక్యూరిటీని హిఫాజత్ అంటాం. తరక్కీ ఎవరికో వేరే చెప్పక్కర్లేదు, గరీబులకి. హిఫాజత్ ఎవరికి? ఎవరి నుంచి? కోర్సు పేరులో ఈ సవాల్‌కి జవాబు ఉండదు. చదివేకొద్దీ బయటపడుతుంది. గరీబు ఊళ్లో బడి లేకపోతే అక్కడి కుర్రాళ్లు తుపాకీ పడతారు, ఆ తుపాకీ ఒకరోజు మన దాకా వస్తుంది, కాబట్టి అక్కడ బడి కట్టాలి. ఇదీ వాళ్ల లెక్క. ఈ లెక్కలో బడి ఆ పిల్లల హక్ కాదు, ఇంకెవరి భయానికో వేసుకున్న తాళం. ఆకలితో ఉన్నవాణ్ని చూస్తే రహమ్ కలగాలని మన పెద్దలు నేర్పారు. షక్ కలగాలని ఈ తాలీమ్ నేర్పుతుంది.

గాల్లో మాట్లాడటం నాకిష్టం లేదు. ఒక ముల్క్‌నే తీసుకుందాం. కెన్యా.

ఇలాంటి కోర్సులకి నైరోబీ బాగా కుదిరే షహర్. ఇంగ్లీషు నడుస్తుంది, యూఎన్‌కి పెద్ద కేంద్రం ఉంది, మంచి హోటళ్లున్నాయి. అక్కడి నుంచి ఈశాన్యంగా పోతే గరిస్సా, వజీర్, మండేరా అని మూడు జిల్లాలు వస్తాయి. ఈ వజీర్ మన ఉర్దూ వజీర్ కాదు, ఊరి పేరు. ఎండిన నేల, బావులు, ఒంటెలు, మేకలు. ఉండేది ఎక్కువగా సోమాలీ ముసల్మానులు, కెన్యా పౌరులు. కెన్యాలో తరక్కీ గురించీ హిఫాజత్ గురించీ నేర్చుకోవాలంటే ముందు పోవలసింది అక్కడికే.

క్లాసు అక్కడికి పోదు. అమెరికా ప్రభుత్వం తన పౌరులకిచ్చే ప్రయాణ హెచ్చరికల్లో సోమాలియా సరిహద్దు జిల్లాలకు పోవద్దని ఉంటుంది. యూనివర్సిటీలూ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఆ కాగజ్‌నే పట్టుకుంటాయి. నైరోబీ లోపలే ఈస్ట్‌లీ అని సోమాలీల బస్తీ ఉంది. బట్టల నుంచి ఫోన్ల దాకా అన్నీ దొరికే పెద్ద బజార్ అది. ఆ హెచ్చరికల్లో ఈస్ట్‌లీ పేరూ కనపడుతుంది. అంటే సెక్యూరిటీ చదవడానికి వచ్చిన పిల్లలకి సెక్యూరిటీ పేరు చెప్పే ఆ మనుషుల్ని దూరం పెడతారు. మన పిల్లల్ని ప్రమాదంలోకి పంపమని నేననడం లేదు. పోలేని చోటు గురించి పాలసీ పేపర్ రాసే హక్ ఎక్కడిదని అడుగుతున్నా.

ఇప్పుడు ఆ మూడు జిల్లాల తారీఖ్ వినండి.

1962లో బ్రిటిష్ వాళ్లు ఒక కమిషన్ వేసి అక్కడి జనం రాయ్ అడిగారు. ఎక్కువమంది సోమాలియాతో కలుస్తామన్నారు. ఆ జవాబును పక్కన పడేసి ఆ ఇలాఖాని కెన్యాలోనే ఉంచి వెళ్లిపోయారు దొరలు. 1963 డిసెంబర్‌లో కెన్యాకి ఆజాదీ వచ్చింది. అదే నెలలో అక్కడ ఎమర్జెన్సీ వచ్చింది. తిరుగుబాటు కొన్నేళ్లకే చల్లారినా ఎమర్జెన్సీ చట్టాలు మాత్రం 1991 దాకా పోలేదు. దాదాపు 28 ఏళ్లు. ఒక పిల్లవాడు పుట్టి, పెరిగి, నిఖా చేసుకుని, తండ్రి అయ్యేంత కాలం.

అది హిఫాజత్ సంగతి. తరక్కీ సంగతి కూడా చూడండి. 1965లో కెన్యా ప్రభుత్వం ‘సెషనల్ పేపర్ నంబర్ 10’ అని ఒక విధాన పత్రం తెచ్చింది. మంచి భూమి, వానలు, రోడ్లు ఉన్న చోట డబ్బు పెడితే ఎక్కువ ఫలితం వస్తుంది, కాబట్టి ముందు అక్కడే పెట్టాలి అని దాని సారం. ఎండిన ఉత్తరాదికి అందులో వాటా ఏముంటుంది? రోడ్డు లేదు కాబట్టి డబ్బు లేదు. డబ్బు లేదు కాబట్టి రోడ్డు లేదు. బడీ, ఆస్పత్రీ అంతే. ఒక చేత్తో తరక్కీని ఆపి, ఇంకో చేత్తో పహ్రా పెట్టారు. ఆ తర్వాత ‘ఆ ఇలాఖా వెనకబడింది, అక్కడ అమన్ లేదు’ అని రిపోర్టులు రాశారు. వెనకబడలేదు సాబ్, వెనక్కి నెట్టారు.

1984 ఫిబ్రవరి 10న సైన్యం వజీర్ చుట్టుపక్కల దేగోదియా తెగ మగవాళ్లని పట్టుకుని వగల్లా అనే చోట విమానాలు దిగే మైదానంలోకి తోలింది. ఆయుధాలు అప్పగించాలన్నది వంక. రోజుల తరబడి నీళ్లు లేవు, తిండి లేదు, ఒంటి మీద బట్టల్లేకుండా ఎండలో కూర్చోబెట్టారు. పారిపోబోయిన వాళ్లని కాల్చారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 57 మంది. వజీర్ ఇళ్లల్లో చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. 2013లో కెన్యా సత్య, న్యాయ, సయోధ్య కమిషన్ తన రిపోర్టులో ఈ జుల్మ్‌ని రికార్డు చేసింది. శిక్ష ఎవరికీ పడలేదు. ఆ రోజు సైన్యం చేసిన పని పేరు కూడా సెక్యూరిటీ ఆపరేషనే.

1989లో సోమాలీలకి స్క్రీనింగ్ పెట్టారు. నువ్వు కెన్యా వాడివేనని రుజువు చేసుకో, చేసుకుంటే గులాబీ రంగు కార్డు ఇస్తాం అన్నారు. 2014 ఏప్రిల్‌లో ఈస్ట్‌లీ మీద పడి వేలమందిని పట్టుకున్నారు, చాలామందిని కసరాని స్టేడియంలో పెట్టి కాగజ్‌లు పరిశీలించారు. సరిహద్దు జిల్లాల వాళ్లకి గుర్తింపు కార్డు కావాలంటే అదనంగా విచారణ చేసే పద్ధతి దశాబ్దాలు నడిచింది. దాన్ని తీసేస్తున్నామని అధ్యక్షుడు రూటో ప్రకటించింది 2025 ఫిబ్రవరిలో.

కాగజ్ చూపించు అన్న మాట ఎంత బరువుంటుందో మనకి ఎవరూ లెక్చర్ ఇవ్వనక్కర్లేదు. 2019 చివర్లో మన ఇళ్లల్లో పాత ట్రంకు పెట్టెలు తెరిచి, దాదాజాన్ పేరు ఒక దస్తావేజులో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉందని గుండెలు పట్టుకున్న రాత్రులు గుర్తున్నాయి కదా. అందుకే ఈ మాట మనవాళ్లతో చెప్తున్నా. సెక్యూరిటీ ఫైలులో పేరున్న కౌమ్ పిల్లలే రేపు ఇంకొకరి మీద సెక్యూరిటీ ఫైలు రాసే ఉద్యోగానికి తయారైతే, ఆ తాలీమ్‌ని ఏమనాలి?

‘భాయ్, అల్ షబాబ్ లేదా? జనం చావలేదా?’ అని అడగండి. అడగాలి. 1998 ఆగస్టు 7న నైరోబీలో అమెరికా ఎంబసీ పేలుడులో 200కి పైగా చనిపోయారు, ఎక్కువమంది కెన్యా వాళ్లే. 2013లో వెస్ట్‌గేట్ మాల్‌లో 67 మంది. 2015 ఏప్రిల్ 2న గరిస్సా యూనివర్సిటీలో 148 మంది, దాదాపు అందరూ షాగిర్దులు. ముసల్మానుల్నీ ఈసాయీల్నీ వేరుచేసి, ఈసాయీ పిల్లల్ని ఏరి చంపారు. దీనికి సాకులు వెతికేవాడు మన సఫ్‌లో నిలబడే అర్హత లేనివాడు.

అయితే ఆ రోజు గరిస్సాలో ఇంకో సంగతి జరిగింది. తెల్లవారుజామున దాడి మొదలైతే, నైరోబీ నుంచి రావలసిన ప్రత్యేక పోలీసు దళం గంటలు గంటలు ఆలస్యంగా చేరింది. సాయంత్రానికి గానీ దాడి ఆగలేదు. వేలమందిని స్టేడియంలోకి తోలి కాగజ్‌లు చూసే తాకత్ ఉన్న హుకూమత్‌కి, హాస్టల్లో చిక్కుకున్న పిల్లల దగ్గరికి వేళకి చేరే బందోబస్తు లేకపోయింది. ఆ పిల్లలవి మామూలు ఇళ్లు. ఎవరి హిఫాజత్ అని నేనడిగిన సవాల్‌కి జవాబు ఆ ఒక్కరోజులోనే ఉంది.

అదే ఏడాది డిసెంబర్‌లో మండేరా పోయే బస్సుని అల్ షబాబ్ వాళ్లు ఆపి, ముసల్మానులు ఒకపక్కకి రమ్మన్నారు. ప్రయాణికులు కదల్లేదు. చంపితే అందర్నీ చంపండి, లేకపోతే పొండి అన్నారు. ముసల్మాను ఆడవాళ్లు తమ హిజాబులిచ్చి ఈసాయీ ఆడవాళ్ల తలలు కప్పారు. అడ్డుపడిన సలాహ్ ఫరా అనే ముసల్మాన్ టీచర్‌కి తూటా తగిలింది, 2016 జనవరిలో ఆస్పత్రిలో ఇంతెకాల్ చేశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ బస్సులో ఉన్నది కూడా సెక్యూరిటీయే. దాన్ని ఎవరు నేర్పారు, ఎక్కడ నేర్చుకున్నారు అని కనుక్కోవడానికి ఒక కోర్సు పెట్టండి, మన పిల్లల్ని నేనే దగ్గరుండి పంపిస్తా.

అసలు అలాంటి పాఠం వజీర్‌లోనే ఉంది. 1990ల మొదట్లో అక్కడ తెగలు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. దేఖా ఇబ్రహీం అబ్ది అని ఒక టీచరమ్మ, వజీర్‌లోనే పుట్టిన సోమాలీ ముసల్మాన్ ఔరత్. ఒక రాత్రి కాల్పులు జరిగితే బిడ్డని తీసుకుని మంచం కింద దాక్కుంది. పొద్దున వాళ్లమ్మ చెప్పిందట: దాదాపు ముప్పై ఏళ్ల కింద నేనూ నిన్ను ఇలాగే మంచం కింద పట్టుకుని పడుకున్నానని. తన బిడ్డ కూడా రేపు ఇదే మాట తన బిడ్డకి చెప్పాలా అని దేఖా గట్టిగా అనుకుంది. తోటి ఆడవాళ్లని కలుపుకుంది. మొదలుపెట్టింది ఎక్కడ? బజార్లో. ఒక తెగ ఆడవాళ్లు ఇంకో తెగ దగ్గర కొనడం, అమ్మడం ఆగిపోయింది. ఏ తెగ ఆడమనిషైనా పాలు, కూరలు అమ్ముకోగలిగేలా చూడటానికి కాపలా కమిటీ పెట్టారు. తర్వాత పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. యువకుల్ని, చివరికి అధికారుల్ని కూడా లాక్కొచ్చారు. 1993లో తెగల పెద్దలు ‘అల్ ఫతాహ్’ అనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ పద్ధతినే తర్వాత కెన్యా జిల్లా శాంతి కమిటీల పేరుతో మిగతా చోట్లకీ తీసుకెళ్లింది. దేఖాకి 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2011లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

ఆ కమిటీ పేరు గమనించండి: వజీర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ కమిటీ. అమన్, తరక్కీ. సెక్యూరిటీ అన్న మాట లేదు. పై నుంచి తుపాకీ పట్టుకుని ఇచ్చేది సెక్యూరిటీ. బజార్లో పక్కపక్కన కూర్చుని అమ్ముకుంటే వచ్చేది అమన్. ఏ ఊరికైతే క్లాసు పోదో, ఆ ఊరి ఆడవాళ్లు ఈ సబ్జెక్టుని పాతికేళ్లకి ముందే చేసి చూపించారు, పేరు కూడా సరిగ్గా పెట్టుకున్నారు.

బయటివాళ్లు అక్కడికి పోనే కూడదని కాదు నా మాట. అన్నలేనా తొనెల్లి అని ఇటలీ ఆవిడ, కేథలిక్. 1969లో కెన్యాకి టీచర్‌గా వచ్చారు. వజీర్‌లో టీబీ ఉన్న సంచార జనానికి ఏళ్ల తరబడి వైద్యం చేయించారు. మందులు రోజూ ఎదురుగా మింగించి కోర్సు పూర్తి చేయించే పద్ధతికి ఆమె పని ఒక దారి చూపింది. వగల్లా జరిగినప్పుడు శవాల్ని వెతికించి, ఫొటోలు బయటికి పంపించి, దునియాకి ఖబర్ అందేలా చేశారు. అందుకు కెన్యా వదిలిపోవలసి వచ్చింది. ఆగలేదు, సోమాలీల మధ్యే పనిచేశారు. 2003 అక్టోబర్‌లో సోమాలీలాండ్‌లోని బొరామాలో ఆమెని కాల్చి చంపారు. ఆమె నియ్యత్‌లో ఎవరి హిఫాజత్ ఉందో అడిగే అవసరం ఎవరికీ రాలేదు. ఉండిపోయింది కాబట్టి గవాహీ ఇవ్వగలిగింది. మూడు వారాలకి రిటర్న్ టికెట్ తీసుకుని వచ్చినవాళ్లు దేనికి గవాహులవుతారు?

ఇక పైసా సంగతి. 1991లో అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఎడ్యుకేషన్ చట్టం చేసింది. దాని కింద బోరెన్ ఫెలోషిప్పులు వచ్చాయి. స్వాహిలి, జులు, వోలోఫ్ లాంటి జబాన్లు నేర్చుకోవడానికి డబ్బిస్తారు. బదులుగా కనీసం ఏడాది జాతీయ భద్రతకి పనికొచ్చే సర్కారీ నౌకరీ చేయాలి. జబాన్ నేర్చుకోవడం ఎంత అందమైన పని! దాని మీద కూడా షరతు రాసిపెట్టారు. అమెరికాలో ఆఫ్రికా అధ్యయన కేంద్రాలు నడిపిన ఆచార్యుల్లోనే చాలామంది ఫౌజ్, గూఢచార సంస్థల పైసా మాకొద్దని నిలబడ్డారు. వాళ్లకి సలాం. 2007లో ఆఫ్రికా కోసం అమెరికా ప్రత్యేక సైనిక కమాండ్ పెట్టింది, ఆఫ్రికామ్ అని. ఆఫ్రికా ముల్కుల్లో ఎక్కువ శాతం దాన్ని తమ నేల మీద పెట్టనివ్వలేదు. ఇప్పటికీ దాని హెడ్‌క్వార్టర్ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంది.

ఈ కోర్సుల తరఫున వాదించే మంచివాళ్లు ఒక మాట అంటారు. ‘ఏం చేయమంటారు, సెక్యూరిటీ పేరు చెప్తేనే డెవలప్‌మెంట్‌కి డబ్బిస్తారు.’ ఇన్నాళ్లూ ఇదే జవాబు. 2025లో ఏమైంది? గరీబులకి మందులూ తిండీ అందించే యూఎస్ ఎయిడ్ సంస్థని జూలై 1తో మూసేశారు. ఆఫ్రికామ్ మాత్రం చెక్కుచెదరలేదు. బడిని హక్‌గా కాకుండా భయానికి మందుగా అమ్మితే ఇదే గతి. కొనేవాడికి భయం తగ్గినా, ఇంకో మందు నచ్చినా, బడి మూతపడుతుంది.

ఒక్కసారి తిప్పి చూడండి. వజీర్ నుంచి ఒక అమ్మాయి మూడు వారాలకి అమెరికా వచ్చి ‘అమెరికాలో డెవలప్‌మెంట్, సెక్యూరిటీ’ అని కోర్సు చేసి, బడుల్లో కాల్పుల గురించి, రోడ్ల మీద టెంట్లు వేసుకున్న వాళ్ల గురించి పాలసీ పేపర్ రాస్తే, దాన్ని అక్కడ ఎవరైనా ఇల్మ్ అంటారా? ముందసలు ఆ అమ్మాయికి వీసా ఇస్తారా?

తప్పు అటువైపే ఉందనుకుని మనం ఖుష్ కానక్కర్లేదు. ఉర్దూలో ఆఫ్రికాకి ‘తారీక్ బర్రె-ఆజమ్’ అని పేరు, చీకటి ఖండమని. దొరల మాటని మనం తర్జుమా చేసుకున్నాం. తారీక్‌కీ తారీఖ్‌కీ చివరి అక్షరమే తేడా, ఆ అక్షరం దగ్గరే తడబడ్డాం. టోలీచౌకీలో సూడాన్ నుంచో సోమాలియా నుంచో వచ్చి చదువుకునే పిల్లలు ఇల్లు అడిగితే మన వాళ్లే మొహం చూసి లేదంటారు. ‘హబ్షీ’ అన్న మాటని తిట్టుగా వాడతారు. ఆ హబ్షాకే కదా మక్కా జుల్మ్ తట్టుకోలేక సహాబాలు మొదటి హిజ్రత్ చేసింది. ఖురైష్ మనుషులు వచ్చి వీళ్లని మాకు అప్పగించమంటే నజాషీ బాద్షా తొందరపడలేదు. ముందు వచ్చినవాళ్ల మాట విన్నారు. విన్నాక పనాహ్ ఇచ్చారు. మన దక్కన్‌లోనే మలిక్ అంబర్ ఉన్నారు. గులాముగా అమ్ముడుపోయిన హబ్షా పిల్లవాడు అహ్మద్‌నగర్ సల్తనత్‌ని నడిపాడు, మొఘల్ ఫౌజ్‌ని ఏళ్ల తరబడి నిలవరించాడు, తర్వాత ఔరంగాబాద్ అయిన ఊరికి పునాది వేసి నహరె-అంబరీతో నీళ్లు తెచ్చాడు. తరక్కీ, హిఫాజత్ రెండూ ఒక ఆఫ్రికావాడు మన నేలకి ఇచ్చి 400 ఏళ్లయింది. హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరులో ఉన్న ‘ఏ’ ఆఫ్రికన్ అని ఎంతమందికి తెలుసు?

అమ్మీ-అబ్బాలకి నా గుజారిష్. మీ బేటానో బేటీనో ఇలాంటి కోర్సు బ్రోచర్ చూపిస్తే వెంటనే వద్దనకండి. ఈ సవాళ్లు యూనివర్సిటీని అడగమని చెప్పండి. పాఠం చెప్పే ఉస్తాదుల్లో అక్కడివాళ్లు ఎంతమంది, వాళ్లకి జీతమెంత? పైసా ఎవరిది, బదులుగా ఏ నౌకరీ చేయాలి? ఆ ముల్క్ జబాన్ ఒక్కటైనా ముందే నేర్పుతారా? అక్కడి షాగిర్దులు అదే క్లాసులో పక్కన కూర్చుంటారా, లేక పిల్లలు ఇంటర్వ్యూ చేసే మనుషులుగానే కనపడతారా? రాసిన పేపర్ ఎవరి గురించి రాశారో వాళ్లకి చేరుతుందా? వీటికి సాఫ్‌గా జవాబిచ్చే ఉస్తాదులూ కొందరు ఉన్నారు. వాళ్ల దగ్గరికైతే పంపండి, దువా చేసి పంపండి.

జవాబు రాకపోతే ఆ డాలర్లు మిగుల్చుకోండి. ఆ ఎండాకాలం పిల్లల్ని దేఖా ఇబ్రహీం అబ్ది రాసినవీ, చెప్పినవీ వెతికి చదవమనండి. టోలీచౌకీలో ఇల్లు దొరక్క తిరుగుతున్న సూడాన్ పిల్లవాడికి మీ పై పోర్షన్ కిరాయికివ్వండి.